సభకి వెళ్ళే ముందు సంచిలో ఏం పెట్టుకోవాలి?

పోయిన నెల ఈ శీర్షికలో ఒక మాట రాశాను. బడిలోనో, సంతలోనో, ఇంటి అరుగు మీదో నలుగురికి సైన్సు చెప్పేవాళ్ళు ఏడాదికి ఒక్కసారైనా తమలాంటి వాళ్ళని కలవాలని. అది చదివి ఒడిశా, మహారాష్ట్ర సరిహద్దు జిల్లాల్లో ఉన్న మన తెలుగువాళ్ళు చాలామంది ఉత్తరాలు రాశారు. ఎక్కడ కలవాలి, ఎప్పుడు, ఏ భాషలో మాట్లాడాలి అని అడిగారు. ఈ నెల మొత్తం ఆ ఉత్తరాలకే ఇచ్చేస్తున్నాను. నన్ను కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం ఒక్క ముక్క: పర్లాకిమిడిలో ముప్పై ఒక్క ఏళ్ళు హైస్కూలు పిల్లలకి సైన్సు చెప్పి 2024లో రిటైరయ్యాను.

ప్రశ్న: టీచరు గారూ, నేను గుణుపురం దగ్గర బడిలో లెక్కలు, సైన్సు చెబుతాను. సెలవు రోజుల్లో సవర గూడేలకి వెళ్ళి చిన్న చిన్న ప్రయోగాలు చేసి చూపిస్తాను. ఇలా చేసేవాళ్ళని సైన్స్ కమ్యూనికేటర్లు అంటారని ఈ మధ్యే తెలిసింది. వాళ్ళ సభలు ఎక్కడ జరుగుతాయి? వాటిలో నేను వెళ్ళదగ్గవి ఏవి?
– ఒక ఉపాధ్యాయుడు, గుణుపురం

జవాబు: మాస్టారూ, దగ్గరివాటితో మొదలుపెడదాం. ఏటా తేదీ మారనిది ఫిబ్రవరి 28. సి.వి. రామన్ తన పరిశోధన ఫలితాన్ని 1928లో ఆ రోజునే ప్రకటించారు. 1987 నుంచి దాన్ని జాతీయ విజ్ఞాన దినోత్సవంగా జరుపుతున్నారు. ఆ వారంలో పరిశోధన సంస్థలు, యూనివర్సిటీలు, సైన్స్ సెంటర్లు జనం కోసం ఏదో ఒకటి పెడతాయి. మనకి బరంపురంలో ఐసర్ ఉంది, సైన్సు చదువుకి, పరిశోధనకి కేంద్ర ప్రభుత్వం పెట్టిన సంస్థ. భువనేశ్వర్‌లో రీజినల్ సైన్స్ సెంటర్, పఠాణి సామంత ప్లానిటోరియం ఉన్నాయి. జనవరి సంక్రాంతి వెళ్ళగానే ఫోన్ చేయండి. పిల్లల్ని తీసుకొస్తామని మాత్రమే చెప్పి ఊరుకోకండి. గూడేల్లో చేసే ప్రయోగాలు అరగంట మేమే చూపిస్తాం, ఒక బల్ల ఇస్తారా అని అడగండి. బల్ల వెనక నిలబడిన మనిషి దగ్గరికి జనం వాళ్ళంతట వాళ్ళే వస్తారు. పరిచయాలు అక్కడే మొదలవుతాయి.

మీ పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళాలంటే జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ ఉంది. 1993లో మొదలైంది. 10 నుంచి 17 ఏళ్ళ పిల్లలు తమ ఊరి సమస్య ఒకటి తీసుకుని, వాళ్ళే కొలిచి, లెక్కవేసి, జిల్లా స్థాయిలో చెప్పాలి. బాగుంటే రాష్ట్రానికి, అక్కడినుంచి దేశస్థాయికి వెళ్తారు. గైడ్ టీచర్‌గా వెళ్ళిన మీకు మిగతా జిల్లాల గైడ్ టీచర్లందరూ ఒకేచోట దొరుకుతారు. నా లెక్కలో మీ బోటివాళ్ళకి ఇంతకంటే మంచి మొదటి మెట్టు లేదు.

పెద్ద సభల్లో అఖిల భారత ప్రజా సైన్స్ కాంగ్రెస్ మీ పనికి దగ్గరగా ఉంటుంది. రాష్ట్రాల్లోని జనవిజ్ఞాన సంఘాలన్నీ కలిసి నడిపేది. 2022లో భోపాల్లో, 2024 డిసెంబరులో కోల్‌కతాలో జరిగింది. ప్రభుత్వం నడిపే ఇండియా ఇంటర్నేషనల్ సైన్స్ ఫెస్టివల్ 2015లో మొదలై ఊరు మారుతూ వస్తోంది. 2024లో గువాహటి, 2025 డిసెంబరులో పంచకుల. అది జాతరలా ఉంటుంది. నాలుగు రోజుల్లో సగం కూడా చూడలేం. అందులో భారతీయ భాషల్లో సైన్సు రాసేవాళ్ళ కోసం విజ్ఞానిక అని ఒక విభాగం ఉంటుంది. వెళ్తే నేరుగా అక్కడికి వెళ్ళండి.

ఇక ఇండియన్ సైన్స్ కాంగ్రెస్. 1914 నుంచి నడిచిన సభ అది. 108వది 2023 జనవరిలో నాగపూర్‌లో జరిగింది. 2024 జనవరిలో జరగాల్సింది జరగలేదు. చిన్న భాషల్లో పనిచేసేవాళ్ళకి అండగా ఉన్న విజ్ఞాన్ ప్రసార్ సంస్థని 2023లో మూసేశారు. ఈ రెండూ నాకు బాధ కలిగించిన విషయాలే, ఎందుకంటే నా మొదటి పెద్ద సభ సైన్స్ కాంగ్రెస్సే. 2012 జనవరిలో భువనేశ్వర్‌లో, 99వది. నేను వినడానికే వెళ్ళాను. పెద్ద హాల్లో వెనక వరసలో కూర్చుంటే ఇంగ్లీషు ఉపన్యాసాల్లో సగం అర్థం కాలేదు. మూడో రోజు టీ వరసలో నా ముందు కోరాపుట్ నుంచి వచ్చిన ఒక ఒడియా టీచరమ్మ నిలబడింది. మాటల్లో ఆకు పాఠం వచ్చింది. చెరువులో దొరికే నాచు మొక్కని గ్లాసు నీళ్ళలో వేసి ఎండలో పెడితే బుడగలు వస్తాయని నేనూ చూపించేదాన్ని, కానీ పీరియడ్ అయ్యేసరికి నాలుగో ఐదో వచ్చేవి. పిల్లలు విసుగుపడేవారు. ఆవిడ అంది, చిటికెడు తినే సోడా కలిపి చూడండీ అని. ఆకుకి కావలసిన బొగ్గుపులుసు గాలి సోడాలోంచి అందుతుంది, బుడగలు జోరుగా వస్తాయి. ఇంటికొచ్చి చేశాను. గ్లాసు అడుగునుంచి బుడగలు దండలా లేచాయి. పన్నెండేళ్ళు, రిటైరయ్యేదాకా, ఆ పాఠం ఆవిడ చెప్పినట్టే చెప్పాను.

కాబట్టి మాస్టారూ, సంచిలో ముందు మీ ప్రయోగం సామాను పెట్టుకోండి. జేబులో ఇమిడేంత చిన్నదైతే మరీ మంచిది, టీ దగ్గర కూడా తీసి చూపించవచ్చు. గూడెంలో పిల్లలు మిమ్మల్ని అడిగిన ప్రశ్నలు ఒక కాయితం మీద రాసుకుని వెళ్ళండి. సవర పిల్లలు ఏమడుగుతారో విన్నవాళ్ళు ఆ హాల్లో మీరు తప్ప ఇంకెవరూ ఉండకపోవచ్చు. పోస్టరు పెట్టమంటే సుమారు మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు అడుగుతారు. కాయితం మీద వేయించకండి, రైల్లో నలిగిపోతుంది. గుడ్డ మీద ప్రింటు వేయించి మడతపెట్టుకుంటే తలకింద దిండు కూడా అవుతుంది.

ప్రశ్న: మేడమ్, నేను బరంపురంలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. సైన్సు వీడియోలు చేస్తాను. ఒక అంతర్జాతీయ సదస్సుకి నా పేపర్ ఎంపికైందని మెయిల్ వచ్చింది. నేను పేపరేమీ పంపలేదు. 300 డాలర్లు కట్టమంటున్నారు. ఇంట్లో అడగాలంటే టెన్షన్‌గా ఉంది. కట్టమంటారా?
– ఒక విద్యార్థిని, బరంపురం

జవాబు: కట్టకు తల్లీ. పంపని పేపర్ ఎంపికైందంటే అక్కడ ఎంపిక చేసేవాళ్ళే లేరు.

నేను ఒకసారి మోసపోయాను కనుక చెబుతున్నాను. 2016లో ఇలాంటి పిలుపే వస్తే పదకొండు వేలు కట్టి, రెండు రాత్రులు రైల్లో వెళ్ళాను. హోటల్లో ఒక గది. పంతొమ్మిది మందిమి. ఒకాయన సిమెంటు గురించి, ఒకావిడ పళ్ళ వైద్యం గురించి, నేను బడి పిల్లల గురించి. ఒకరి మాట ఒకరికి పట్టలేదు. చివర్లో తలా ఒక సర్టిఫికెట్ ఇచ్చి, భోజనం కూడా పెట్టకుండా పంపేశారు. వచ్చే దారిలో ఏడుపొచ్చింది. డబ్బు పోయినందుకు కొంత. పిల్లలతో సభకి వెళ్తున్నానని గొప్పగా చెప్పి వచ్చినందుకు ఎక్కువ.

నిజమైన సభ ఎలా ఉంటుందో చెబుతాను, పోల్చి చూసుకో. సైన్సుని జనంలోకి తీసుకెళ్ళేవాళ్ళ ప్రపంచ సభ ఒకటుంది, పీసీఎస్టీ అంటారు. మొదటిది 1989లో ఫ్రాన్స్‌లోని పొయిటియర్స్‌లో జరిగింది. 2010 డిసెంబరులో మన ఢిల్లీకి వచ్చింది. 2025 మే నెలలో స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో జరిగింది. మామూలుగా రెండేళ్ళకోసారి జరుగుతుంది. ఇలాంటి సభ ఉంటుందని చాలా నెలల ముందే ప్రకటిస్తారు. నువ్వు ఏం చెప్పదలచుకున్నావో 250, 300 మాటల్లో క్లుప్తంగా రాసి పంపమంటారు. దాన్ని చదివి, బాగోకపోతే వద్దంటారు. వద్దనే వీలు ఉండడమే అది నిజమైన సభ అని గుర్తు. అన్ని సబ్జెక్టులూ ఒకే సభలో కలిపేసినా, ఒక్క రోజులోనే ఎంపికైందని చెప్పినా, పోయినసారి ఏం జరిగిందో చూపించలేకపోయినా వదిలెయ్. నిర్వాహకుల జాబితాలో ఒక ప్రొఫెసర్ పేరు ఉంటుంది కదా, ఆయన యూనివర్సిటీ అడ్రసుకి మెయిల్ పెట్టి, మీరు ఇందులో ఉన్నారా అని అడుగు. ఆయనకి తెలియకుండానే పేరు వేసేసి ఉంటారు చాలాసార్లు.

క్లుప్తంగా రాయడం ఎలాగో కూడా చెబుతాను. ముందు పోస్టుకార్డు మీద మీ అమ్మకి అర్థమయ్యేలా తెలుగులో రాయి. ఎవరికి చెప్పావు, ఏం చెప్పావు, విన్నాక వాళ్ళలో ఏం మారింది. మూడోది రాయలేకపోతే ఇంకా పంపే వేళ కాలేదని అనుకో. మీ ఊళ్ళోనే ఐసర్ ఉంది, అక్కడ నీ వయసు పిల్లలు ఇదే పని చేస్తుంటారు. 300 డాలర్ల ఖర్చు లేకుండా సిటీ ఆటోలో వెళ్ళి కలువు.

ప్రశ్న: అమ్మా, మాది గంజాం తీరం, రుషికుల్య మొగ దగ్గర. వేట మా ఇంటి పని, మాట్లాడేది తెలుగు. ఏటా తాబేళ్ళు గుడ్లు పెట్టే రోజుల్లో చదువుకున్నవాళ్ళు వచ్చి మా నాన్నని అడిగి అన్నీ రాసుకుపోతారు. దక్షిణపు గాలి తిరిగితే తాబేళ్ళు ఎక్కుతాయని మా నాన్నే వాళ్ళకి చెబుతాడు. తర్వాత వాళ్ళు సభల్లో మాట్లాడతారట. మమ్మల్ని ఆ సభలకి రానిస్తారా?
– డిగ్రీ విద్యార్థిని, గంజాం జిల్లా

జవాబు: నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రానివ్వాలి. రానివ్వకపోతే అడగాలి.

రుషికుల్య దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుంపులుగా గుడ్లు పెడతాయని శాస్త్రవేత్తలు నమోదు చేసింది 1994లో. మీ తాతలకి అది పుట్టినప్పటినుంచి తెలుసు. రాసుకున్నవాళ్ళ పని తక్కువదని అనడం లేదు. వాళ్ళు రాయబట్టే ఆ ఇసుకకి కాపలా వచ్చింది. కానీ చెప్పినవాళ్ళ పేరు కూడా ఆ కాయితం మీద ఉండాలి.

నువ్వు చదువుకుంటున్నావు కనుక ఇలా చెయ్. ఒక నోటుబుక్కు పెట్టు. ఫిబ్రవరి మొదటినుంచి ప్రతిరోజూ తేదీ, గాలి ఏ దిక్కునుంచి, తిథి, ఎన్ని తాబేళ్ళు ఎక్కాయి, నాన్న ఆ రోజు ఏమన్నాడు అన్నది ఆయన మాటల్లోనే రాయి. గుడ్లు పిల్లలవ్వడానికి నెలన్నర పైన పడుతుంది కదా, అప్పుడు ఇసుకలో ఒక థర్మామీటరు గుచ్చి పొద్దున, మధ్యాహ్నం వేడి రాయి. తాబేలు పిల్ల ఆడో మగో తేల్చేది ఆ ఇసుక వేడే. వేడి పెరిగితే ఆడపిల్లలు ఎక్కువవుతాయి. ఎండలు ముదురుతున్న ఈ రోజుల్లో అది చాలా విలువైన లెక్క. పిల్లలు వెలుగు ఉన్నవైపు పాకుతాయి కనుక ఒడ్డున ఏ దీపాలు వెలుగుతున్నాయో కూడా రాసి పెట్టుకో. మూడేళ్ళు రాశావంటే నీ దగ్గర ఉన్నది ఏ సభలోనైనా లేచి చెప్పదగ్గది. ఈలోపు మీ ఇంటికి ఎవరు వచ్చినా, మా నాన్న పేరు వేస్తారా, సభకి మాలో ఒకరిని తీసుకెళ్తారా అని ముందే అడుగు. మర్యాదగా అడుగు. మొహమాటపడకు.

ప్రశ్న: బల్లార్షాలో ఉంటాను. పెళ్ళికి ముందు సైన్స్ క్లబ్ నడిపాను. ఇప్పుడు బాబుకి రెండేళ్ళు. సభలంటే మూడు నాలుగు రోజులు. ఎలా వెళ్ళేది?
– ఒక గృహిణి, బల్లార్షా

జవాబు: మూడు రోజుల సభల్ని ఇంకో రెండేళ్ళు పక్కన పెట్టమ్మా. పొద్దున బండెక్కితే మూడు గంటల్లో నాగపూర్. అక్కడ రామన్ సైన్స్ సెంటర్ ఉంది. బాబుని చంకనేసుకుని ఒక ఆదివారం వెళ్ళి రా. మా అమ్మాయికి మూడేళ్ళప్పుడు నేను వెళ్ళిన ఒక జిల్లా సమావేశంలో అది వేదిక కిందే నిద్రపోయింది, ఎవరూ ఏమీ అనలేదు. నిర్వాహకులకి ముందే చెప్పు, చంటిబిడ్డతో వస్తున్నాను, ఒక గది కావాలి అని. అడిగేవాళ్ళు లేకే చాలాచోట్ల ఆ ఏర్పాటు ఉండదు.

ప్రశ్న: మేడం, నమస్తే. మాది సిరొంచ, జిరాక్స్ షాపు నడుపుతా. ఇంట్ల తెలుగు, చదివింది మరాఠీల. ఇంగ్లీషు రాదు. మా దిక్కు దొరికిన రాక్షసబల్లుల బొక్కల గురించి బడి పిల్లలకి చెప్తుంటా. సభకి పోతే నేను ఏ భాషల మాట్లాడాలె?
– ఒక పాఠకుడు, సిరొంచ

జవాబు: తమ్ముడూ, నీ దగ్గర ఉన్న కథ చాలా పెద్దది. ప్రాణహిత ఒడ్డున మీ సిరొంచ దగ్గరి కోట గ్రామం పేరుమీదే ఆ రాతిపొరలకి కోటా ఫార్మేషన్ అని పేరు వచ్చింది. నదికి అవతల, తెలంగాణ వైపు యామన్‌పల్లి దగ్గర ఆ పొరల్లో దొరికిన ఎముకల జంతువుకి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. సుమారు 18 కోట్ల ఏళ్ళ కిందటిది, ఆకులు తినేది. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. ప్రపంచమంతా పలికే ఆ పేరులో మన కోట ఉంది, మన పల్లె ఉంది. ఆ మాట నీ తెలుగులో చెబితేనే అందం.

మరాఠీలో చెప్పాలంటే నీకు మంచి చోటుంది. మరాఠీ విజ్ఞాన పరిషత్ 1966లో పుట్టింది. ఏటా అధివేశన్ పెడుతుంది, అక్కడ సైన్సు మరాఠీలోనే మాట్లాడతారు. తెలుగు వైపు జన విజ్ఞాన వేదిక ఉంది, పిల్లల కోసం చెకుముకి పత్రిక తెచ్చేది వాళ్ళే. వాళ్ళ చెకుముకి సంబరాలు జరిగే రోజుల్లో నది దాటి వెళ్ళు. ఢిల్లీవాళ్ళు నడిపే సభల్లో ఇంగ్లీషు, హిందీ ఎక్కువ. అక్కడ మాట్లాడాల్సి వస్తే ఒక పేజీ అనువాదం చేయించి పంచిపెట్టి, నోటితో మాత్రం నీ భాషలో చెప్పు.

ఈ సంగతి ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మా ఊరు. గిడుగు వెంకట రామమూర్తి గారు పర్లాకిమిడిలోనే పాఠాలు చెప్పారు. చుట్టుపక్కల సవరలతో మాట్లాడాలని వాళ్ళ భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. జనం మాట్లాడే తెలుగులోనే పుస్తకాలు రాయాలని పోరాడారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆయన ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. మేము ఇక్కడే ఉండిపోయాం. మా బడిలో పిల్లలు తెలుగు పుస్తకంలో కిరణజన్య సంయోగక్రియ అని చదివేవారు, పక్క గదిలో ఒడియా పిల్లలు ఆలోకశ్లేషణ అనేవారు. మీ దగ్గర ప్రకాశసంశ్లేషణ. మూడూ కష్టమైన మాటలే. ఆకు ఎండతో వంట చేసుకుంటుంది అని చెప్పాక మా పిల్లలు ఆ పెద్ద మాటకి భయపడడం మానేశారు. సరిహద్దులో ఉన్న నువ్వు రెండు భాషల్లో ఆ పని చేయగలవు.

ఇంకో మాట. పటం తీసి చూడు, మీ సిరొంచ, మా పర్లాకిమిడి దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి, భూమధ్యరేఖకి పద్దెనిమిది డిగ్రీలు దాటి కాస్త ఉత్తరాన. అంటే సూర్యుడు ఇద్దరి నడినెత్తికి ఒకే రోజున వస్తాడు, నిలువు కర్ర నీడ ఒకే రోజున మాయమవుతుంది. మే 15 ఆ ప్రాంతంలో ఒకసారి, జులై చివర్లో ఇంకోసారి. జులైలో మబ్బులుంటాయి కనుక మే నెలే మనకి. మా దగ్గర సుమారు 11 గంటల 50 నిమిషాలకి, మీరు పడమటి వైపు ఉన్నారు కనుక మీ దగ్గర 12 గంటల 6 నిమిషాల ప్రాంతంలో.

నాకు నీడ అంటే ఒక పాత బాధ ఉంది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మా ప్రాంతం మీదుగా వెళ్ళింది. పదో తరగతిలో ఉన్నాను. మా నానమ్మ తలుపులన్నీ గడియ పెట్టి, ఊరగాయ జాడీల మీద దర్భలు వేసి, మమ్మల్ని వెనక గదిలో కూర్చోబెట్టింది. మధ్యాహ్నం పూట కాకులు గూళ్ళకి చేరుతున్న అరుపులు వినబడ్డాయి. కిటికీ సందులో వెలుతురు తగ్గి మళ్ళీ వచ్చింది. అంతే. కళ్ళకి ప్రమాదమన్న భయం నిజమే, కానీ భద్రంగా ఎలా చూడాలో చెప్పేవాళ్ళు ఆ వీధిలో ఒక్కరూ లేరు. 1995 అక్టోబరు 24న పాక్షిక గ్రహణం వచ్చినప్పుడు నేను టీచర్‌ని. అట్టపెట్టెకి సూదితో చిల్లుపెట్టి, కాయితం మీద పడ్డ సూర్యుడి కొరుకుడు ముక్కని నలభై మంది పిల్లలకి చూపించాను. నానమ్మ అప్పటికి లేదు.

నీడ మాయమయ్యే రోజున ఎవరూ తలుపులు వేసుకోరు, కళ్ళకి ప్రమాదం లేదు, నేలవైపే చూస్తాం. అందుకని తమ్ముడూ, వచ్చే మే నెలలో మనమే ఒక సభ పెట్టుకుందాం. మీ జిరాక్స్ షాపు ముందు పదిమంది పిల్లలు, మా ఇంటి డాబా మీద పదిమంది. గుణుపురం మాస్టారు, రుషికుల్య అమ్మాయి వాళ్ళ ఊళ్ళలో ఒకటి రెండు రోజుల తేడాతో చేసుకోవచ్చు, వాళ్ళు మనకంటే కొంచెం ఉత్తరాన ఉన్నారు. కావలసింది తాపీమేస్త్రి వాడే గుండు, దారం, పైనా కిందా ఒకే వెడల్పున్న ఒక స్టీలు గ్లాసు, సుద్దముక్క. గ్లాసు బోర్లించి, గుండు కట్టి నేల సమంగా ఉందో లేదో చూసుకోండి. పదకొండున్నర నుంచి రెండు నిమిషాలకోసారి నీడ చివర సుద్దతో చుక్క పెట్టండి. మా గ్లాసు నీడ దాని అడుక్కి చేరగానే నేను ఫోన్ చేస్తాను. అప్పటికి మీ నీడ ఇంకా కొంచెం మిగిలి ఉంటుంది. మీది పోయేదాకా పిల్లలు నిమిషాలు లెక్కపెట్టాలి. మన రెండు ఊళ్ళ మధ్య నేరుగా సుమారు 430 కిలోమీటర్లు. దాన్ని ఆ నిమిషాలతో భాగిస్తే మధ్యాహ్నం నిమిషానికి ఎన్ని కిలోమీటర్లు పడమటికి కదులుతోందో వస్తుంది. ఇరవయ్యారు దగ్గర రావాలి. మీ పిల్లలకి ఎంత వచ్చిందో తెలుగులోనో మరాఠీలోనో రాసి పంపు, ఈ శీర్షికలోనే వేస్తాను. ఫోన్ ముందురోజు రాత్రే ఛార్జింగ్ పెట్టుకో.